మచ్చు

నా దగ్గర ఒక అట్టముక్క ఉంది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. మూలలు అరిగి గుండ్రమయ్యాయి. రంగులు వెలిసిపోయి బొమ్మలో మొహం పసుపుబారింది. అది మొహమ్మద్ అజారుద్దీన్ బొమ్మ. 1987లో రిలయన్స్ కప్ జరిగే రోజుల్లో బబుల్ గమ్ కొంటే ఇలాంటి క్రికెట్ బొమ్మలు వచ్చేవి. గమ్‌లో తీపి రెండు నిమిషాల్లో పోయేది. బొమ్మ మిగిలేది. దాన్ని లెక్కల పుస్తకంలో దాచుకునేవాళ్ళం.

ఇది నా గమ్ పొట్లంలో వచ్చింది కాదు. నాకు వచ్చింది కపిల్ దేవ్. అజర్ మా క్లాసు కుర్రాడికి వచ్చాడు. ఆ రోజుల్లో కపిల్‌ని ఇచ్చి అజర్‌ని తీసుకునే వెర్రివాడు ఎవడుంటాడు? వాడే అడిగాడు. "ఈడు మీవోడేగా. నువ్వుంచుకుని నాకు కపిల్‌నియ్యి" అన్నాడు. ఇచ్చేశాను. వాడి మాటలో కల్మషం లేదు. వాడికీ ఎనిమిదేళ్ళే, నాకూ ఎనిమిదేళ్ళే. అజర్‌ది హైదరాబాదు, నాది గుంటూరు. అతను మా చుట్టం కాదు, మా వీధివాడు కాదు, మా జిల్లావాడు కూడా కాదు. అయినా "మీవోడు" అనగానే, ఎవరూ విడమరిచి చెప్పకుండానే నాకు అర్థమైపోయింది. ఎట్లా అర్థమైందన్నది ఇప్పటికీ నాకు అంతుబట్టదు.

ఒక మనిషి చేసిన మంచిలో నాకు వాటా ఉందా? ఉంటే, అతను చేసిన చెడులోనో? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. ఈ అట్టముక్కలోంచి వచ్చింది.

మా అబ్బా గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. సెలవుల్లో అన్నం క్యారేజీ పట్టుకుని వెళ్ళేవాణ్ణి. యార్డులోకి అడుగు పెట్టగానే ముందు తుమ్ములు, తర్వాత కళ్ళ నీళ్ళు. కొండల్లా పేర్చిన టిక్కీలు. కొనుగోలుదారు మనిషి వస్తాడు. గోతాంలోకి చెయ్యి దూర్చి పిడికెడు కాయ బయటికి తీస్తాడు. రంగు చూస్తాడు. తొడిమ చూస్తాడు. ఒక కాయ విరిచి గింజ చూస్తాడు. నెమ్ము ఉందేమోనని అరచేతిలో వేసి నలుపుతాడు. ఆ పిడికెడే మచ్చు. లాటు మొత్తానికి ధర పలికేది ఆ పిడికెడే. మచ్చులో రంగు తప్పి తెల్లబారిన తాలు కాయలు నాలుగు తగిలాయంటే రైతు మొహం కూడా అట్లాగే తెల్లబడేది. "పైన తగిలినయ్ గానీ లోపలంతా మంచి కాయేనండీ" అని వాళ్ళు బతిమాలుకోవటం నేను చూశాను. అడిగినవాళ్ళు దబాయించేవాళ్ళు, అడగలేనివాళ్ళు వచ్చినంత పుచ్చుకుని వెళ్ళేవాళ్ళు.

సరుకు విషయంలో అది సబబే. ఒకే చేలో ఒకే విత్తనం, ఒకే కళ్ళంలో ఎండిన కాయ. పిడికెడు చూస్తే గోతాం తెలుస్తుంది. కానీ అజారుద్దీన్‌కీ, పర్చూరు దగ్గర పత్తి తీతకి పోయే మా ఫుప్పుకీ ఏ చేను ఉమ్మడి? అతను హైదరాబాదులో తాతగారింట పెరిగాడు. నిజాం కాలేజీలో చదివాడు. మా ఫుప్పు బడి గడప తొక్కలేదు. ఇద్దరికీ కలిసే చోటు పేరులో ఒకటి, ప్రార్థనలో ఒకటి. ఆ మాత్రానికే అతను గోతాంలోంచి తీసిన పిడికెడు, ఆమె గోతాంలో మిగిలిన కాయ అయిపోయింది.

ఇక్కడ కాస్త నిజాయితీగా మాట్లాడుకోవాలి. అతణ్ణి మచ్చుగా బయటికి తీసింది వాళ్ళొక్కరే కాదు. మేమూ తీశాం. ఇష్టంగా తీశాం. కళ్ళకద్దుకుని మరీ చూపించాం.

ఎందుకు చూపించమండీ? 1984 డిసెంబరు 31న ఈడెన్ గార్డెన్స్‌లో మొదలైన టెస్టులో తొలిసారి ఆడి 110 కొట్టాడు. తర్వాత మద్రాసులో 105. ఆ తర్వాత కాన్పూరులో 122. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. అంతకు ముందు లోకంలో ఎవరూ చేయలేదు. ఈడెన్‌లో ఆడిన ఏడు టెస్టుల్లో అయిదు సెంచరీలు. ఈ అంకెలు క్రికెట్ తెలిసిన ఎవరైనా చెబుతారు. చెప్పలేనిది ఆ మణికట్టు. ఆఫ్ స్టంపు బయట పడ్డ బంతి, ఎవరైనా కవర్స్‌లోకి కొట్టాల్సిన బంతి, అతను చివరి క్షణంలో చెయ్యి తిప్పితే మిడ్ వికెట్ వైపు జారిపోయేది. బలంతో కొట్టినట్టు ఉండేది కాదు, బంతికి దారి చూపినట్టు ఉండేది. కాలరు పైకి లేచి ఉండేది. పరిగెత్తేటప్పుడు మెడలో తాయెత్తు బయటికి ఎగిరేది. మా నానీకి క్రికెట్ ఓనమాలు తెలియవు. ఆ తాయెత్తు కోసమే టీవీ ముందు కూర్చునేది.

1990లో కెప్టెన్‌గా ఇంగ్లండు వెళ్ళి లార్డ్స్‌లో 121 కొట్టాడు. 1992, 1996, 1999, మూడు ప్రపంచకప్పుల్లో అతనే కెప్టెన్. 47 టెస్టులకు నాయకత్వం వహించి 14 గెలిపించాడు. బాబ్రీ మసీదు కూలిన 1992 డిసెంబరులో అతను దక్షిణాఫ్రికాలో భారత జట్టుకి కెప్టెన్‌గా ఉన్నాడు. ఆ నెలలో మా వీధిలో మగవాళ్ళు మగ్రిబ్ నమాజుకి గుంపుగా వెళ్ళి గుంపుగా వచ్చేవాళ్ళు. అబ్బాతో కొట్టులో ఒక పెద్దమనిషి అన్నాడట: "దేశానికి కెప్టెన్నే మీవాణ్ణి చేశాం గదయ్యా సాయిబూ, ఇంకేం కావాలి మీకు?" అబ్బా అవునండీ అని తలూపి వచ్చాడు. ఆ మాటలో 'చేశాం' అన్న ముక్క ఆయనకి ఆ రాత్రి అన్నం తినేటప్పుడు తట్టింది. ముద్ద చేతిలోనే పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

పాకిస్తాన్‌తో ఆట అంటే మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. అబ్బా ముందు వీధి తలుపు తీసి పెట్టించేవాడు. "దర్వాజా ఖులా రఖో" అనేవాడు. ఎండాకాలమైనా, చలికాలమైనా సరే. మేం ఎవరికి చప్పట్లు కొడుతున్నామో వీధికి వినపడాలి. 1996 మార్చి 9న బెంగుళూరులో క్వార్టర్ ఫైనల్. జడేజా వకార్ యూనిస్‌ని చితక బాదుతుంటే మేం నిజంగానే ఎగిరి గంతులు వేశాం. అయినా నా గొంతు నాకే కాస్త ఎక్కువ పెద్దగా వినిపించింది. సంతోషం నిజమే. దాన్ని కొలతకి మించి వినిపించాల్సి రావటం కూడా నిజమే. పక్కింటివాళ్ళు తలుపులు వేసుకుని మరీ ఆట చూశారు. వాళ్ళ సంతోషానికి సాక్ష్యం అక్కర్లేదు కదా. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లోనే వచ్చింది గానీ నేను చదివింది కాలేజీకి వచ్చాకే. చదివినప్పుడు ఈ తెరిచి పెట్టిన తలుపే గుర్తొచ్చింది.

ఇదే గుంటూరు జిల్లాలో తమ కులం హీరో సినిమా విడుదలైతే పాలాభిషేకాలు చేసేవాళ్ళున్నారు. తమ కులం మంత్రికి గజమాలలు వేసేవాళ్ళున్నారు. అందరూ తమవాడని గర్వపడతారు. అది మనిషి బలహీనతో, సహజమో, ఏదైనా అనుకోండి. వాళ్ళకి ఆ గర్వం పండగ రోజు కట్టుకునే పట్టుబట్ట. మాకు అది చూపించాల్సిన గుర్తింపు కాగితం. తేడా అక్కడుంది. పట్టుబట్ట చిరిగితే మామూలు బట్ట కట్టుకుంటాడు. కాగితం చిరిగితే?

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మా 'మన' ఎంత విశాలం? చిలకలూరిపేటలో మా అమ్మీ పుట్టింటి పక్కన ఒక దూదేకుల కుటుంబం ఉండేది. విల్లుతో దూది ఏకే పని పోయి పరుపుల కొట్టు పెట్టుకున్నారు. ఆ ఇంటాయనకి ఉర్దూ ముక్క రాదు. అజర్ సెంచరీ కొట్టిన రోజు ఆయనా వచ్చి "మనోడు కొట్టాడయ్యా" అంటే, మా మామూలు ఉర్దూలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. ఆయనకి అర్థం కాలేదు, నాకు అర్థమైంది. గర్వం పంచుకునేటప్పుడు వాళ్ళు మాకు సగం ముసల్మానులు. గొడవలప్పుడు మాత్రం వాళ్ళ ఇంటి మీద పడే రాయి సగం రాయి కాదు. సానియా మీర్జా సంగతి చూడండి. ఆమె కూడా హైదరాబాదు పిల్లే. 2005లో ఆమె ఆటకన్నా గౌను పొడవు గురించి మాట్లాడిన మతపెద్దలున్నారు. అజర్‌ని మావాడని ఎత్తుకున్న చేతులే ఆమెని టేపు పెట్టి కొలిచాయి. 2014లో తెలంగాణ ప్రభుత్వం ఆమెని బ్రాండ్ అంబాసిడర్‌ని చేస్తే, పాకిస్తాన్ కోడలికి ఎందుకన్న శాసనసభ్యుడు ఇంకొకడు. మచ్చు కాయని రెండు వైపుల నుంచీ విరిచి చూస్తారన్న మాట.

ఇప్పుడు 2000 సంవత్సరం దగ్గరికి వస్తాను. రావటానికి నాకు మనసొప్పటం లేదు.

ఆ మార్చిలో బెంగుళూరులో దక్షిణాఫ్రికా మీద అజర్ 102 కొట్టాడు. అది అతని 99వ టెస్టు. ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు హాన్సీ క్రోన్యే ఫోను సంభాషణలు బయటపెట్టారు. జూన్‌లో కింగ్ కమిషన్ ముందు క్రోన్యే, తనకి బుకీని పరిచయం చేసింది అజరేనని చెప్పాడు. నేనప్పుడు గుంటూరులో బి.ఎ. చదువుతున్నాను. సాయంత్రం టీ కొట్టు దగ్గర నలుగురం. ఒక స్నేహితుడు గ్లాసు ఊపుతూ అన్నాడు: "ఏరా సాయిబూ, మీవోడు దేశాన్నే అమ్మేశాడంటగా?" సరదాగానే అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. నవ్వి నా మొహంలోకి చూశారు. ఆ చూపు నాకు తెలుసు. గోతాంలో చెయ్యి పెట్టినవాడి చూపు అది.

నేను ఏమని ఉండొచ్చు? 'విచారణ జరగనీయండి' అనొచ్చు. 'నాకేం తెలుసు' అనొచ్చు. 'మీవోడంటే ఏంట్రా' అని తిరగబడి అడగొచ్చు. అవేవీ అనలేదు. "అట్లాంటోణ్ణి నడిబజార్లో ఉరి తియ్యాలి" అన్నాను. అందరికన్నా గట్టిగా అన్నాను. వాళ్ళు తృప్తి పడ్డారు. ఒకడు భుజం మీద చెయ్యి వేశాడు. ఆ పూట టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

ఇంటికి వెళ్ళి ఈ మాట గొప్పగా చెప్పాను. అబ్బా చిట్టా రాసుకుంటూ తలెత్తకుండా అడిగాడు. "అదాలత్ తేల్చిందా?"

"ఇంకా లేదు."

"మరి నువ్వెట్లా తేల్చావ్?"

అంతే. మళ్ళీ చిట్టాలోకి దిగిపోయాడు. ఆయన అజర్‌ని వెనకేసుకు రాలేదు. తప్పు చేశాడనీ అనలేదు, చెయ్యలేదనీ అనలేదు. లెక్క పూర్తి కాకుండా మొత్తం వెయ్యకూడదన్నది గుమాస్తాగా ఆయన నేర్చుకున్నదే. నా చేతిలో లెక్క లేకుండానే మొత్తం వేశాను. వేసింది న్యాయం కోసం కాదు, ఒక టీ గ్లాసు దగ్గర నా చోటు పోకుండా ఉండటానికి. నా చోటు నిలుపుకోవటానికి ఇంకొకడి మెడ ఇచ్చాను. అతను దోషి అయినా సరే, నేను చేసింది అదే.

ఆ నవంబరులో సి.బి.ఐ. నివేదిక వచ్చింది. డిసెంబరు 5న బోర్డు అజారుద్దీన్‌నీ, అజయ్ శర్మనీ జీవితకాలం నిషేధించింది. జడేజాకీ, మనోజ్ ప్రభాకర్‌కీ అయిదేళ్ళు. జడేజాని తలుచుకుని ఏ గుజరాతీనీ ఎవరూ నిలదీసినట్టు నేను వినలేదు. క్రోన్యే చేతికి ఏసుని తలపించే పట్టీ కట్టుకునేవాడు, పెద్ద భక్తుడు. గుంటూరులో అన్ని చర్చిలున్నాయి. 'మీవోడు అమ్ముడుపోయాడంటగా' అని ఆదివారం ప్రార్థన నుంచి వచ్చే ఏ క్రైస్తవుణ్ణీ టీ కొట్టు దగ్గర అడగలేదు. వాళ్ళ తప్పులు వాళ్ళవే. ఒంటరిగా దోషి కాగలగటం కూడా ఒక హక్కేనని నాకు అప్పుడు తెలియదు.

అయితే అజర్ కూడా ఒక పని చేశాడు. మైనారిటీని కాబట్టే నన్ను లక్ష్యం చేసుకున్నారని ఆ రోజుల్లో అన్నాడు. ఆ మాట నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అది మా ఖాతాలో అతను రాసుకున్న అప్పు. 1987-88లో మా పత్తి చేలని తెల్లదోమ తినేసినప్పుడు ఇక్కడి రైతులు ఎట్లా చితికిపోయారో పెద్దవాళ్ళు చెబుతారు. పురుగుమందు అరువిచ్చినవాడే పంట కొనేవాడు. వడ్డీ అతనే కట్టేవాడు, ధరా అతనే కట్టేవాడు. మా పరువు సంగతీ అట్లాంటిదే. మచ్చు చూపించమని అడిగేవాడే దాని ధరా చెబుతాడు. అసలే చితికి ఉన్న ఆ ఖాతాలో ఇంకొకడు వచ్చి తన సొంత ఖర్చు రాసిపోతే ఎట్లా ఉంటుంది? నిజంగా పేరు చూసి ఉద్యోగం ఇవ్వని వాళ్ళు, పేరు చూసి ఇల్లు అద్దెకివ్వని వాళ్ళు ఉన్న చోట, ఆ మాటని ఒక ఆటగాడు తన అవసరానికి వాడుకుంటే దాని బరువు తగ్గిపోతుంది. తర్వాత మేం నిజం చెప్పినా 'ఇదీ అట్లాంటిదేలే' అంటారు.

ఇట్లా అంటున్నానే గానీ, అతణ్ణి పట్టుకుని మేం చేసిందీ అదే కదా? అతని సెంచరీలని మా ఖాతాలో జమ వేసుకున్నాం. ఒకరి బరువు ఇంకొకరు మొయ్యరని మా దీన్‌లో చిన్నప్పుడే చెబుతారు. తప్పు వచ్చినప్పుడు ఈ మాట మాకు బాగా గుర్తొస్తుంది. 'ఎవడి పాపం వాడిది, మాకేం సంబంధం' అంటాం. సెంచరీ వచ్చిన రోజు ఎందుకు గుర్తు రాలేదు? బరువు పంచుకోనివాడికి పంటలో మాత్రం పాలెక్కడిది? ఇది ఎదుటివాళ్ళు నన్ను అడిగిన ప్రశ్న కాదు. రాత్రిళ్ళు నేనే వేసుకున్నది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆకలితో చేసిన అప్పుకీ, జల్సాకి చేసిన అప్పుకీ తేడా ఉంటుందని మాత్రం అనుకుంటాను. ఆ తేడా అప్పుని కొట్టెయ్యదు.

హాకీలో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ పాకిస్తాన్ చేతిలో 1-7 తేడాతో ఓడింది. గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగీ అమ్ముడుపోయాడని పుకారు లేచింది. ఏళ్ళ తరబడి ఆ మనిషి తలెత్తుకోలేకపోయాడు. అతను హిందువు. ఆ జట్టు కెప్టెన్ జఫర్ ఇక్బాల్. రెండేళ్ళ తర్వాత లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్‌లో జాతీయ జెండా పట్టుకుని నడిచింది ఆ జఫరే. 2007లో 'చక్ దే ఇండియా' సినిమా వచ్చింది. నేగీ కథ కొంత ఆధారమన్నారు. అందులో దేశద్రోహి అన్న నింద మోసే ఆటగాడికి కబీర్ ఖాన్ అని పేరు పెట్టారు. సినిమా మంచి ఉద్దేశంతో తీశారు, నేను థియేటర్లో ఏడ్చాను కూడా. తర్వాత ఆలోచిస్తే ఒళ్ళు జలదరించింది. నిజ జీవితంలో ఆ నింద ఒక నేగీ మీద పడింది. తెర మీద అది ప్రేక్షకుడికి చప్పున అర్థం కావాలంటే ఖాన్ కావాల్సి వచ్చింది.

2012 నవంబరు 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అజర్ మీద జీవితకాల నిషేధం చెల్లదంది. అప్పటికి నేను ఒక పత్రికలో డెస్కు మీద ఉన్నాను. ఏజెన్సీ వార్త ఇంగ్లీషులో వచ్చింది, తెలుగు చేసే పని నాకు పడింది. పక్క సీటాయన "మీవోడు గెలిచాడు, స్వీట్లేవి గురూ?" అన్నాడు. నవ్వేశాను. వేళ్ళు వాటంతటవే టైపు చేశాయి. 'అజర్ నిర్దోషి'. ఆ రెండు మాటలూ తెర మీద చూసుకుంటే పన్నెండేళ్ళ బరువు దిగినట్టనిపించింది. గుంటూరు టీ కొట్టు దగ్గరికి ఆ పేపరు పట్టుకెళ్ళి ఒక్కొక్కడికీ చూపించాలనిపించింది.

వార్త మళ్ళీ చదివాను. బోర్డు వేసిన శిక్ష చట్టం ముందు నిలవదని కోర్టు అంది. నిర్దోషి అని నేనంటున్నాను. రెండిటి మధ్యా ఎంత దూరం ఉందో డెస్కు మీద పనిచేసే ఏ కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు. 2000లో ఆధారం లేకుండా ఉరి వేశాను. 2012లో ఆధారం లేకుండా దండ వెయ్యబోయాను. రెండిటిలోనూ అజర్ లేడు. ఉన్నది నేను, నా మొహంలోకి చూసే ఆ నలుగురు. కొట్టేసి 'అజర్‌పై నిషేధం చెల్లదు: హైకోర్టు' అని పెట్టాను. పేజీ పంపేశాక బయటికి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను. అబ్బా అప్పటికి లేడు. ఉంటే ఈ హెడ్డింగు చూపించేవాణ్ణి. లెక్క సరిగ్గా రాశానని.

మంచి మచ్చు సంగతి కూడా ఇంతే. ఈ నేల మీదే పొన్నెకల్లులో పుట్టిన నాజర్ బుర్రకథకి పేరు తెచ్చాడు. కరవది నుంచి షేక్ చినమౌలానా నాదస్వరం పట్టుకుని శ్రీరంగం దాకా వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. ఇద్దరికీ పద్మశ్రీలు వచ్చాయి. సభల్లో మాలాంటి వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ళ పేర్లు చెబుతారు. "ముసల్మానులంటే అట్లా ఉండాలండీ" అంటారు. పొగడ్తే. కానీ వినండి. నాజర్ అంత గొప్పగా కథ చెప్పలేని సాయిబు, చినమౌలానా అంత గొప్పగా ఊదలేని సాయిబు, సైకిలు రిపేరు చేసుకునే మామూలు సాయిబు, కాస్త కోపిష్టి, కాస్త బద్ధకస్తుడు, అతను ఎట్లా ఉండాలి? మామూలుగా ఉండటానికి మాకు ఎవరి పద్మశ్రీ జామీను పెట్టాలి?

నానీ బతికున్నప్పుడు ఒకసారి అడిగింది, ఆ తాయెత్తు పిల్లాడు ఇప్పుడు ఆడటం లేదేమని. నిషేధించారని, వంద టెస్టులు ఆడాల్సినవాడు 99 దగ్గర ఆగిపోయాడని చెప్పాను. చేతిలో తస్బీ తిప్పుతూ "నిన్నానవే తో పూరీ గిన్తీ హై బేటా" అంది. అల్లా పేర్లు తొంభై తొమ్మిది, తస్బీలో పూసలు తొంభై తొమ్మిది, ఆమె లెక్కలో అది పూర్తి సంఖ్య. బుకీల సంగతి ఆమెకి చెప్పలేదు. చెప్పినా పూసలు తిప్పటం ఆపేది కాదేమో.

తర్వాత అతను 2009లో మొరాదాబాదు నుంచి ఎంపీ అయ్యాడు, 2019లో హైదరాబాదు క్రికెట్ సంఘానికి అధ్యక్షుడయ్యాడు, 2025 అక్టోబరులో తెలంగాణలో మంత్రి అయ్యాడు. ఇవన్నీ అతని బతుకు. మంచీ చెడూ అతనిది. నేను వార్తలుగా చదివాను.

2022లో మా గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ అండర్-19 ప్రపంచకప్పులో వైస్ కెప్టెన్. సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో ఇంగ్లండు మీద 50. కప్పు గెలిచారు. ఆ వారం గుంటూరులో ఎవరిని కదిలించినా "మన గుంటూరోడు" అన్నారు. చిన్నప్పుడు కపిల్‌ని తీసుకుని నాకు అజర్‌నిచ్చిన స్నేహితుడు కూడా ఫోను చేసి "మనోడు ఇరగదీశాడ్రా" అన్నాడు. 'మీవోడు' అనలేదు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ సంతోషం మీద నాకే నమ్మకం కుదరలేదన్నదీ దాచను. అంతకు కొద్ది నెలల ముందే, 2021 అక్టోబరులో, దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో ఓడిన రాత్రి మొహమ్మద్ షమీని ఏమేమన్నారో చదివి ఉన్నాను. జట్టులో పదకొండుగురూ ఓడారు. రషీద్ 2025లో చెన్నై జట్టు తరఫున ఐ.పి.ఎల్.లో దిగినప్పుడు మా వాళ్ళ వాట్సప్ గుంపులో మాషాఅల్లాలు వరదలా వచ్చాయి. నేనూ టైపు చేశాను. 'మన పిల్లాడు' అని రాసి, ఆగి, ఆ కుర్రాడి భుజాలు గుర్తొచ్చి తీసేశాను. ఇరవై ఏళ్ళవాడు. వాడి బ్యాటు వాణ్ణి ఎత్తుకోనివ్వాలి.

మొన్న మా చెల్లెలి కొడుకు పాత ఉర్దూ నిఘంటువు తిరగేస్తుంటే ఈ అట్టముక్క జారి పడింది. 2000లో దాన్ని చింపటానికి చేతులు రాక, ఎదురుగా పెట్టుకోవటానికి మొహం చెల్లక, పేజీల మధ్య బోర్లా పెట్టింది నేనే. వాడు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈయనెవరు మామూ?"

చెప్పాను.

"మనోడా?"

"హైదరాబాదాయన."

"మంచోడేనా?"

నేను గోడ వారన ఉన్న గొడుగు తీసుకుని లేచి నిలబడ్డాను. ఆఫ్ స్టంపు బయట బంతి పడుతుందనుకో అన్నాను. వాడు కాగితం ఉండ చుట్టి విసిరాడు. మణికట్టు తిప్పబోతే గొడుగు తెరుచుకుంది. ఇట్లా కాదు, ఇంకాస్త ఆలస్యంగా తిప్పేవాడు, మళ్ళీ వెయ్యి అన్నాను.